మేము రాసిచ్చిన పేర్లు

వేంపల్లెలో మండలాఫీసుకు ఎదురుగా నాదొక జిరాక్సు షాపు ఉంది. జిరాక్సు అన్నది బోర్డు మీద మాట. నాకు అన్నం పెట్టేది మాత్రం అర్జీలు టైపు చేయడం. పాసు పుస్తకం రాలేదని, పింఛను ఆగిపోయిందని, పక్క చేనివాడు గట్టు జరిపాడని జనం వచ్చి నోటితో చెబుతారు, నేను దాన్ని కాగితం మీద పెడతాను. ఇరవై ఏళ్లుగా ఇదే పని. ఈ చుట్టుపక్కల నాలాగా అర్జీ రాసేవాడు లేడని నాకొక పొగరు ఉండేది. ఆ పొగరు ఎంత పని చేసిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

అర్జీకి కావాల్సింది వివరం. నాకు అన్యాయం జరిగింది మహాప్రభో అని రాస్తే ఎవరూ చదవరు. పేరు, తండ్రి పేరు, ఊరు, వయసు, సర్వే నంబరు, జబ్బుంటే జబ్బు. అధికారి వేలు పెట్టి చూపించడానికి ఏదో ఒకటి ఉండాలి. ఏడుస్తూ వచ్చినవాళ్లను కూడా నేను కసురుకునేవాణ్ని. "ఏడ్చేది తర్వాత ఏడుద్దువు గానీ, ముందు నీ మొగుని పేరు చెప్పుమా" అనేవాణ్ని. నా నోటి దురుసు తెలిసి కూడా నా దగ్గరికే వచ్చేవాళ్లు. నేను రాసిన కాగితం కదిలేది మరి.

మా అన్న నాకంటే నాలుగేళ్లు పెద్ద. కడపలో డిగ్రీ చదువుతూ మధ్యలో ఆపేసి అడవిలోకి వెళ్లిపోయాడు. వెనకటికి ఒకసారి ప్రభుత్వానికీ అడవిలోని అన్నలకీ చర్చలు జరిగాయి. నల్లమల నుంచి నాయకులు బయటికి వచ్చి మంత్రుల ఎదురుగా కుర్చీల్లో కూర్చున్నారు. ఇంక కాల్పులు ఉండవని మేమందరం టీవీల ముందు కూర్చుని సంబరపడ్డాం. ఆ చర్చలు చెడిపోయాయి. వచ్చినవాళ్లు తిరిగి లోపలికి పోయారు. మా అన్న అప్పుడు పోయాడు. అందరూ వాళ్లు బలంగా ఉన్నప్పుడు వెంట తిరిగితే మావాడు అంతా అయిపోయాక బయల్దేరాడు. వాడి తిక్క అంతే.

ఊళ్లో ఎవరైనా అడిగితే గుజరాత్‌లో లారీ తోలుతున్నాడని మా అమ్మ చెప్పేది. మొదట్లో రెండు మూడేళ్లు పోలీసులు వచ్చిపోయేవాళ్లు. తర్వాత వాళ్లూ మరిచిపోయారు. మాది తాతల కాలం నుంచీ చర్చికి పోయే ఇల్లు, కూలికి పోగా ఎకరం మెట్ట చేను. ఆదివారం ప్రార్థనలో మా అమ్మ లేచి "దూరాన ఉండే మా పెద్దోని కోసరం" అనేది, పేరు మాత్రం ఎత్తేది కాదు. సంఘం మొత్తానికీ సంగతి తెలుసు. అందరూ ఆమెన్ అనేవాళ్లు. మా నాయన పోయినప్పుడు కూడా వాడు రాలేదు.

రెండేళ్ల కిందట ఒక మధ్యాహ్నం షాపు నంబరుకు ఫోనొచ్చింది.

"ఏం రా, షాపు పెట్టినావంట?" అన్నాడు అవతలి మనిషి.

"ఎవురప్పా?"

"నేన్రా."

చేతిలో కాగితాలు అలాగే పట్టుకుని షాపు వెనక సందులోకి పోయాను. అమ్మ ఉండాదా అని అడిగాడు. ఉండాది, నాయన లేడు అన్నాను. ఎప్పుడు పోయినాడని అడిగాడు, చెప్పాను. తర్వాత, "మోకాలు పోయింది రా. కట్టె పట్టుకొని నడుస్తాండా. ఆపరేషన్ చేయించాల్ల అంటాండారు" అన్నాడు.

"వచ్చెయ్ అన్నా. ఇంగ సాలు."

"చేతులెత్తుకొని రాను రా. ఈడ నన్ను నమ్ముకున్న పిల్లోళ్లు ఉండారు. మళ్లా చర్చలు మొదలైతే అందరితో పాటు తలెత్తుకొని వస్తా. ఆడ పేపర్లల్లో ఏమన్నా రాస్తాండారా దాని గురించి?"

"రాస్తాండారన్నా. తొందర్లోనే ఉంటాయంట" అన్నాను. పచ్చి అబద్ధం. ఫోను కట్టయింది.

ఇంటికి పోయి చెబితే మా అమ్మ బియ్యం చాట పక్కన పెట్టేసి నన్నే చూసింది. ఏడుస్తుందనుకున్నాను. "ఏ కాలు?" అంది. నేను అడగలేదన్నాను. "నీ తెలివి తగలబడ! ఇరవై ఏండ్లకు ఫోన్ చేస్తే ఏ కాలో అడగనోడివి నువ్వేం తమ్మునివి రా" అని తిట్టింది. మళ్లీ తనే, కుడిదే అయ్యుంటుంది, చిన్నప్పుడు బండి మీది నుంచి పడింది ఆ కాలి మీదే అని తేల్చేసింది. ఆ రోజు నుంచి వాన సంగతి అడిగినట్టు పొద్దున లేవగానే నన్ను అడిగేది, చర్చలు ఏమాయె నాయనా అని. ఏం చెప్పను? టీవీలో రోజూ శవాలను వరసగా పడుకోబెట్టి చూపిస్తున్నారు. ఆమె కళ్లజోడు పెట్టుకుని టీవీ దగ్గరకంటా పోయి నిలబడేది.

ఆ రోజుల్లోనే మా సంఘం అయ్యగారు, అంటే మా చర్చి పాస్టరు, ఒక పని మొదలుపెట్టారు. ఆయనకు డెబ్బై దగ్గర పడుతోంది. ఒంటిమిట్ట దారిలో చిన్న మఠం నడిపే స్వామీ, కడపలో ఒక మసీదులో నమాజు చదివించే హజ్రత్తూ ఆయనకు పాత స్నేహితులు. ముగ్గురూ కలిసి ప్రభుత్వానికీ అడవిలోని వాళ్లకీ బహిరంగంగా ఒక ఉత్తరం రాయాలనుకున్నారు. కాల్పులు ఆపండి, చర్చలకు మళ్లీ కూర్చోండి, అంతే. ప్రభుత్వానికైతే పోస్టులో పంపొచ్చు, అడవికి కాపీ ఎలా చేరుతుందని నేను అడిగితే, పేపర్లో వేస్తే చేరుతుందిలే అన్నారు అయ్యగారు.

ఈ ముగ్గురి స్నేహం రాజీలతో మొదలైంది. మా ప్రాంతంలో ఊరికి రెండు వర్గాలు ఉండి బాంబులు వేసుకున్న కాలంలో, మా పక్క ఊళ్లో వీళ్లే మధ్యన కూర్చుని రాజీ చేశారు. రాజీకి ఒక పద్ధతి ఉంది. రెండు వర్గాలూ తమ మనుషుల పేర్లన్నీ చీటీ మీద రాసి మధ్యవర్తుల చేతికి ఇవ్వాలి. కత్తి పట్టినవాడు, బాంబు చుట్టినవాడు, జీపు తోలినవాడు, ఎవర్నీ దాచకూడదు. చీటీ ఇచ్చిన రోజు నుంచి అందులో ఉన్న మనిషి మీద చెయ్యి పడకూడదు. పడితే మధ్యవర్తికి తల కొట్టేసినంత పని. పేరు దాచినవాడికి మాత్రం పూచీ లేదు. మా చిన్నాయన అప్పట్లో ఒక వర్గం నాయకుడి జీపులో తిరిగేవాడు. ఆయన పేరు చీటీలో ఉంది. ఈ రోజు మనవరాళ్లను ఎత్తుకుని తిరుగుతున్నాడు. ఆయన స్నేహితుడొకడు, నేనేం చేసినానని నా పేరు ఇయ్యాల అని తప్పుకున్నవాడు, ఆర్నెల్లు తిరక్కుండానే బస్టాండులో హతమయ్యాడు. కళ్లారా చూసిన సంగతులు ఇవి. అందుకే పేరు రాసివ్వడమంటే మాకు ప్రాణానికి పూచీ తీసుకోవడమే.

కడప చర్చి హాలులో ఉత్తరం గురించి కూర్చున్నప్పుడు అయ్యగారు అదే మాటన్నారు. "ఊరికే శాంతి శాంతి అంటే ఎవురూ వినరు. అడవిలో ఉండేది ఈ తల్లుల బిడ్డలు అని చూపించాల్ల. పేర్లు తీసుకుందాం. ముగ్గురం పూచీ పడదాం."

స్వామి కాసేపు గడ్డం నిమురుకున్నారు. "అయ్యగారూ, ఊర్లో కత్తులు పట్టుకున్నోళ్లు మన కండ్ల ముందర పుట్టినోళ్లు. మన మొహం చూసి ఆగినారు. ఢిల్లీలో ఉండేటోళ్లకు మన మొహం ఎట్ల తెలుస్తాది?"

"తెలీకపోతే తెలుపుదాం స్వామీ. దానికే గదా ఈ కాగితం" అన్నారు హజ్రత్.

స్వామికి ఆ మాట సరిపోలేదని మొహం చూస్తే తెలుస్తోంది. ఇంకో రెండు మాటలు పడి ఉంటే పేర్ల సంగతి అక్కడితో ఆగిపోయేదేమో. బల్ల చివర లాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్న నేను నోరు తెరిచాను. "వివరం లేని అర్జీ చెత్తబుట్టలోకే పోతాది స్వామీ. నేను రోజూ చూస్తాండా. పేర్లు ఉండాల్సిందే" అన్నాను. ఆయన నా వైపు చూసి, "సరే నాయనా, అది నీకు తెలిసిన పని" అని ఊరుకున్నారు.

మా అమ్మ మాత్రం ఒప్పుకోలేదు. వాని పేరు నా నోటితో చెప్పను అని గోడ వైపు తిరిగి పడుకుంది. నాకు ఒళ్లు మండింది. "ఇరవై ఏండ్లు లారీ లారీ అంటివి. ఇంటికి రాని లారీ ఏం లారీ మా అది? చిన్నాయన ఎట్ల బతికినాడు? పేరు ఇయ్యబట్టే గదా! నువ్వు దాచిపెట్టి వాన్ని సంపుకుంటాండావు" అన్నాను. ఆ మాట అనాల్సింది కాదు. ఆమె లేచి కూర్చుని కొంగు నోట్లో కుక్కుకుంది. ఆ ఆదివారం ఆరాధన అయ్యాక అయ్యగారి దగ్గరికి పోయి అడిగింది. "పేరిస్తే చెయ్యి పడదు గదా అయ్యగారూ?"

ఆయన ఆమె తల మీద చెయ్యి పెట్టారు. "పడదు తల్లీ. ముగ్గురం ఉండాం గదా."

మరుసటి రోజు ఆమె షాపుకు వచ్చి స్టూలు మీద కూర్చుంది. ట్రంకు పెట్టెలోంచి అన్న పదో తరగతి సర్టిఫికెట్టు తెచ్చింది. పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ అందులోంచే కొట్టాను. పుట్టుమచ్చలు కూడా ఉన్నాయి దాంట్లో, కుడి చెంప మీద ఒకటి, ఎడమ భుజం మీద ఒకటి. అవీ కొట్టాను. అలవాటు. అంతా అయ్యాక, "మోకాలు సంగతి రాయి. కుంటుతా ఉండే మనిషంటే ఎవురికైనా జాలి పుడ్తాది" అంది మా అమ్మ. "కుడి మోకాలు పూర్తిగా దెబ్బతిని నడవలేని స్థితిలో ఉన్నాడు, ఆపరేషన్ అత్యవసరం" అని కొట్టాను. బాగా కుదిరిందనుకున్నాను. రెండుసార్లు చదివి వినిపించాను కూడా. మిగతా తల్లులు ఇచ్చినవీ కలిపి జాబితాలో ఏడు పేర్లు వచ్చాయి, మా అన్నదే మొదటి పేరు. నా అన్నను నేను ముందర పెట్టుకోకపోతే ఎలా?

ఉత్తరం పోయింది. ముగ్గురు పెద్దలూ పక్కపక్కన నిలబడిన ఫోటో పేపర్లో వచ్చింది. అయ్యగారు ఆ పేపరు చర్చి గోడకు అంటించారు. మా అమ్మ దాని ముందు ఆగకుండా లోపలికి వచ్చేది కాదు. ముగ్గురి మొహాలనూ ఒక్కొక్కటిగా చూసేది.

మూడు వారాలకు ఒక పోలీసు అధికారి మామూలు బట్టల్లో మా ఇంటికి వచ్చాడు. శానా మర్యాదగా మాట్లాడాడు. అమ్మ ఇచ్చిన టీ తాగి, కుర్చీ నా దగ్గరికి జరుపుకున్నాడు. "ఆపరేషన్ అని రాసినారు గదప్పా. ఆ సంగతి మీకు ఎట్ల తెలిసింది? ఫోన్ చేసినాడా? ఏ నెల్లో?" అన్నాడు.

ఎవరో చెప్పుకుంటుంటే విన్నానన్నాను. అతను నవ్వి, నా ఫోను నంబరు ఒక చిన్న పుస్తకంలో రాసుకున్నాడు. అతను పోయాక మా అమ్మ మొహం వెలిగిపోతోంది. "చూసినావా, ఎంత మర్యాదగా అడిగినాడో! చర్చలకే ఇదంతా. కాలికి మందు ఇప్పిస్తారేమో" అంది. నేను షాపుకు పోయాను. మా కాగితం వాళ్ల చేతిలో ఆనవాళ్ల చీటీ అయిందని నాకు అప్పుడే తెలిసిపోయింది. అయ్యగారికి చెప్పి ఉండొచ్చు. పేపర్లో మళ్లీ ఏదైనా వేయించి, కాలు బాగయిందనో, అంతా తప్పనో చెప్పి ఉండొచ్చు. ఏమీ చేయలేదు. నేననుకున్నది నిజం కాదేమోనని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

ఉత్తరానికి జవాబు రాలేదు. తుపాకి పట్టినవాళ్లతో మాటలేమిటి అని పెద్దవాళ్లెవరో టీవీలో అంటుంటే విన్నాం. ఎండాకాలం వచ్చింది. ఒక పొద్దున షాపు తీస్తుండగా పోలీసు స్టేషన్ నుంచి ఫోను. వచ్చి గుర్తుపట్టాలి అన్నారు.

అయ్యగారు నాతో వచ్చారు. రైల్లో రెండు రోజులు, ఉత్తరాన ఇంకో రాష్ట్రం, నల్లమల విడిచి వాళ్లంతా చేరిన అడవుల పక్కకు. ఆయన బైబిలు ఒళ్లో పెట్టుకున్నారు గానీ ఒక్కసారి కూడా తెరవలేదు. మేం దిగిన ఊళ్లో ఎముకల ఆసుపత్రికి పోయే దారిలో ఎదురుకాల్పులు జరిగాయని చెప్పారు. మోకాలి ఆపరేషన్లు చేసే ఆసుపత్రులు ఆ చుట్టుపక్కల ఎన్నో ఉండవట. శవాల గది దగ్గర ఒక తెలుగు తెలిసిన అధికారి ఉన్నాడు. అతని చేతిలో ఒక కాగితం. దాని మార్జిను, దాని అక్షరాలు దూరం నుంచే గుర్తుపట్టాను. నేను కొట్టిన కాగితం.

గుడ్డ తీసి ఒక్కొక్కటీ చూపించాడు. చెంప మీద మచ్చ. భుజం మీద మచ్చ. కుడి మోకాలికి చుట్టిన పట్టీ. వాడి జుట్టు నెరిసిపోయింది. మా నాయన లాగా ఉన్నాడు.

"మామూలుగా వీళ్లను ఎవరూ గుర్తుపట్టక నెలలు పడుతుంది. అన్నీ మారు పేర్లు గదా. ఇది చాలా బాగా రాశారు, మాకు తేలికైపోయింది" అన్నాడు. వెటకారం కాదు. నిజంగానే మెచ్చుకుంటున్నాడు. నేను బయటికి పరిగెత్తాను. అయ్యగారు వరండాలో నేల మీద కూలబడ్డారు. "పూచీ పడితిమి గదరా. ముగ్గురం పూచీ పడితిమి" అని అదే మాట అంటూ ఉన్నారు.

మా కాగితం వల్లే చచ్చిపోయాడని ఎవరూ రుజువు చేయలేరు. నేను మాత్రం నా బుర్రలో ఆ రుజువు రోజుకొకసారి చేసుకుంటాను. అయ్యగారి మీద నాకు కోపం రాలేదు. ఆయన ఊరి మనుషుల్ని నమ్మినట్టే ప్రభుత్వం వాళ్లనూ నమ్మారు. నా మీద నాకే అసహ్యం వేస్తుంది, ఇప్పటికీ.

అన్నను సమాధుల తోటలో పెట్టిన రోజు స్వామీ హజ్రత్తూ వచ్చి ఎండలో చివరిదాకా నిలబడ్డారు. మా అమ్మ ముగ్గురిలో ఎవరితోనూ మాట్లాడలేదు. చర్చికి వస్తుంది, వెనక వరసలో కూర్చుంటుంది, ప్రార్థనకు లేవదు.

ఈ ఏడాది ముగ్గురూ మళ్లీ ఉత్తరం రాయాలనుకున్నారు. అయ్యగారు చిత్తు కాగితం పట్టుకుని షాపుకొస్తే నేను నలుగురి ముందరే అరిచాను. "ఇంగా సాల్లేదా అయ్యగారూ? ఇంగా ఎంతమందిని పట్టిస్తాం?"

ఆయన తల దించుకునే ఉన్నారు. "పేర్లు వద్దు రా ఈసారి. మా ముగ్గురి సంతకాలే. ఏమీ కాదని నాకూ తెలుసు. అడిగేది మానుకుంటే ఇంగ సంపుకునేదొకటే గదా మిగిలేది" అన్నారు. నేను కాగితం లాక్కున్నాను. టైపు చేశాను. అరపేజీ వచ్చింది. ఒక్క వివరం లేదు అందులో.

అది ప్రింటు తీస్తున్న మధ్యాహ్నమే ఒకామె వచ్చింది. ఆలూరు నుంచి బస్సులు మారి వచ్చిందట. నడివయసు మనిషి, కాళ్లకు చెప్పుల్లేవు. నాలుగు మడతలు పెట్టిన నోటుబుక్కు కాగితం బల్ల మీద పెట్టింది. "అన్నా, అడవిలో ఉండే పిల్లల పేర్లు నువ్వే రాస్తావంట గదా. నా కూతురు పేరు కూడా రాయన్నా. దుడ్లు ఎంతైతే అంత ఇస్తా."

"పేర్లు రాయడం లేదు. పోమ్మా" అన్నాను.

"పేరు లేకుంటే ఎవురి కోసరం అడుగుతాండారని వాళ్లకు ఎట్ల తెలుస్తాదన్నా?"

నేను ఇరవై ఏళ్లుగా జనానికి చెబుతున్న మాట అది. నాకు పిచ్చి కోపం వచ్చింది. "నీ కూతురి పేరు నాకు చెప్పొద్దు! ఊరు చెప్పొద్దు, యాడుందో చెప్పొద్దు. ఆ కాగితం తీసేయ్ ముందు!" అని కేకలు పెట్టాను. ఆమె బిత్తరపోయి ఏడుపు మొదలుపెట్టింది. అప్పుడే మా అమ్మ నాకు అన్నం తీసుకుని వచ్చింది. నా కేకలు వాకిట్లోనే విన్నట్టుంది. క్యారియరు బల్ల మీద పెట్టి, ఆ కాగితం తీసి ఆమె గుప్పిట్లో పెట్టి, వేళ్లు మూసింది.

"పొయ్యిలో పెట్టు తల్లీ దీన్ని."

"నువ్వు ఇచ్చినావంట గదక్కా, నీ కొడుకు పేరు?" అందామె. ఉత్తరం సంగతి విన్నది గానీ, తర్వాతది ఎవరూ చెప్పినట్టు లేదు.

"ఇచ్చినా."

"మళ్ల, వచ్చినాడా?"

"వచ్చినాడు" అంది మా అమ్మ. "పెట్టెలో వచ్చినాడు."